తలవైపు జేబు

ఆగస్టు 11

పిచ్చుకా,

నువ్వు వెళ్ళాక కుట్టుగదిలో కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. దాని మీద దారపు ఉండలు పెట్టాను. మర్నాడే తీసేశాను. అక్కడ ఇంకేది ఉన్నా కంటికి నప్పలేదు.

నువ్వు క్షేమంగా చేరావని మీ ఆఫీసువాళ్ళు తమ్ముడికి చెప్పారట. వాడు బస్సు డిపో నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాడు. "చెట్లు లెక్కపెట్టేవాళ్ళ తిండి లెక్కపెట్టడానికి నలభై దాటాక అడవికి పోయింది నా చెల్లెలు" అని నవ్వాడు. నవ్వి, రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాడు. దిగులుగా ఉంటే వాడికి ఆకలెక్కువ.

హాస్టలు మూతపడి నీ స్టోరు ఉద్యోగం పోయాక ఏడాదిపాటు నా పక్కన కూర్చుని బొంతలకు అంచులు కుట్టావు. వంకరగానే కుట్టావు. నువ్వు లేనప్పుడు నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. నీకు తెలియదనుకున్నాను. తెలుసేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

పైవాటా టీచరమ్మ గిన్నె మన దగ్గరే ఉండిపోయింది. గిన్నె ఖాళీగా తిరిగి పంపడం మన ఇంట్లో లేదు గదా. అందులో ఏం వేయాలో ఎప్పుడూ నువ్వే చెప్పేదానివి. ఇవాళ నిమ్మకాయలు వేసి పంపాను.

వేళకు తింటున్నావా? రాత్రిళ్ళు ఆకలేస్తే ఏం చేస్తున్నావు? ఏమేం పంపాలో రాయి.

రోజూ నీ కోసం ప్రార్థన చేసే
అక్క

ఆగస్టు 20

అక్కా,

సరుకుల లారీ బయల్దేరుతోంది. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. క్షేమం. చలి. పని నాకు నచ్చింది. తినేవేమీ పంపకు. ఏమీ అంటే ఏమీ. ఎందుకో తీరిగ్గా రాస్తాను.

బస్సు దగ్గర నువ్వు ఒక్క మాటైనా అనలేదు. దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను.

పిచ్చుక

ఆగస్టు 30

పిచ్చుకా,

ఉత్తరం అందింది. తినేవేమీ పంపవద్దన్నావు. సరే.

నా చేతి తిండికి నీకు మొహం మొత్తిందేమోనని ఒకరోజంతా అనుకున్నాను. అమ్మ పోయిన నాటి నుంచి తినమని నీ వెంట పడుతూనే ఉన్నాను. మొత్తినా తప్పు లేదు. తమ్ముడితో అంటే, "నువ్వు పెట్టడం మానవు, అది వద్దనడం మానదు. మీ ఇద్దరిదీ భల్లూకపు పట్టు" అన్నాడు.

చలి అన్నావు గనుక బొంత పంపుతున్నాను. పైన మన పాత నీలం పరదా, నీ హాస్టలు ఏప్రన్లు. కింద అమ్మ దుప్పటి. మధ్యలో దూది రెండు పొరలు వేశాను. ఇవాళ తమ్ముడు మీ ఆఫీసులో ఇచ్చి వస్తాడు. అక్కడి నుంచి లారీలో వస్తుందట.

తలవైపు కొస కాస్త మందంగా ఉంటుంది. చిన్నప్పుడు నీకు కుట్టిన బొంత గుర్తుంటే, ఎందుకో నీకే తెలుస్తుంది. ఇంకేమీ రాయను.

అక్క

సెప్టెంబరు 2

అక్కా,

లారీ చెడిపోయి ఇక్కడే ఆగింది. డ్రైవరుకి తలనొప్పి, నాకు తీరిక.

తినేవి పంపకు అన్నందుకు నొచ్చుకుని ఉంటావు. నొచ్చుకోలేదని రాస్తావు. అందుకని అసలు సంగతి వివరంగా చెప్తాను. ఇది ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఇక్కడ నా ఉద్యోగం తిండి పెట్టడం కాదు, తిండి దాచడం.

మేము పడుకునే డేరాలు ఒకచోట. వంట ఇంకోచోట. సరుకులు వేరొకచోట. ఒకదానికొకటి కూతవేటు దూరం. సరుకులు బిగింపు మూతల ఇనప డ్రమ్ముల్లో ఉంటాయి. ఆ మూత తీయబోయి నా గోళ్ళన్నీ విరిగాయి. డ్రమ్ముల్లో పట్టనివి సంచుల్లో వేసి, రెండు చెట్లకు తాడు కట్టి, ఏ చెట్టు మీద నుంచీ అందకుండా సరిగ్గా నడిమధ్యకి ఎత్తి వేలాడదీస్తాం. తినేవే కాదు, సబ్బు, పళ్ళపొడి, దగ్గు మందు కూడా డ్రమ్ములోకే. వంటయ్యాక ఆ బట్టలు అక్కడే విడిచి, వేరేవి కట్టుకుని డేరాకి రావాలి. ఎంగిలి మెతుకులు పాతిపెట్టినా ఎలుగు తవ్వుకు తింటుందట. అందుకని చెత్త కూడా డబ్బాలో బిగించి లారీలో కిందికి పంపేస్తాం. ఊరి నుంచి ఏ మూట వచ్చినా ముందు సరుకుల షెడ్డులో విప్పి చూడాలి. చూసేది నేనే. మొదటి వారం నా జేబులోనే దగ్గు బిళ్ళ దొరికింది. అందరూ ఎంత నవ్వారో.

మా పైఅధికారి సన్నగా, మెడలో విజిల్ వేసుకుని ఉంటుంది. విజిల్ మేడం అంటాం. ఎలుగు మన మీదికి రాదట, మన వాసన మీదికి వస్తుందట. చలికాలం నిద్రకు ముందు దానికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదట. ఒక్కసారి మన తిండి రుచి మరిగిందా, మళ్ళీ డేరాల మీదికి వస్తుంది. వస్తూనే ఉంటే తుపాకీవాణ్ణి పిలుస్తారు. నిరుడు వేరే క్యాంపులో ఎవరో తలగడ కింద బిస్కట్ల పొట్లం పెట్టుకున్నాడట. ఆ బిస్కట్లకు ఒక ఎలుగు చచ్చిపోయింది. పొట్లం దాచినవాడు క్షేమంగా ఇంటికెళ్ళాడు.

పెట్టిన చెయ్యికి పుణ్యం అని నీ దగ్గర నేర్చుకున్నాను. ఇక్కడ పెడితే పాపం. అలవాటు కావడానికి నాకే కొన్నాళ్ళు పట్టింది.

మంచు పడేదాకా నన్ను చూస్తారు. తిండి విషయంలో పొరపాటు జరగకపోతే వచ్చే ఏడాదికి ఉంచుకుంటారు. అక్కా, నాకు ఇక్కడ ఉండాలని ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు. నువ్వు అంచులు విప్పి కుట్టడం నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. కోపం రాలేదు. కానీ ఎవరూ విప్పి మళ్ళీ కుట్టక్కర్లేని పని ఒక్కటైనా చేయాలని ఉండేది. ఇదే ఆ పని.

ఇంకా నొచ్చుకుంటున్నావా?

నీ పిచ్చుక

సెప్టెంబరు 13

పిచ్చుకా,

ఇది అందగానే బొంత తలవైపు కుట్టు విప్పు. లోపల జేబు ఉంది. జేబులో ఎండుద్రాక్ష, వేయించిన పల్లీలు ఉన్నాయి. డేరాలో ఉంచకు.

చిన్నప్పుడు నిద్రలో లేచి ఆకలని ఏడ్చేదానివి. వంటింటి చీకటంటే భయం. అందుకని తలవైపు జేబు కుట్టాను. కళ్ళు తెరవకుండా అందులోంచి తీసుకుని తినేసి పడుకునేదానివి. తమ్ముడు నీకు పిచ్చుక అని పేరు పెట్టింది అందుకే. మొన్న నీకు బొంత కుడుతుంటే చెయ్యి ఆగలేదు.

తినేవి పంపడం లేదన్నట్టు రాశాను. పంపాను. అబద్ధం రాయలేదని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ సర్దుబాటు నిలవలేదు.

తమ్ముడి చేత ఆఫీసుకి ఫోను చేయించాను. బొంత లారీ ఎక్కేసిందట. వైర్‌లెస్‌లో కబురు పెట్టమంటే, నాలుగు మాటలకు మించి కుదరదట. బొంతలో ఎండుద్రాక్ష ఉంది, తీసేయమనండి అని తమ్ముడు చెప్పాడు. "ఇదేమన్నా ప్రాణాల మీదికొచ్చిన విషయమా అండీ?" అని అడిగాడట గుమాస్తా. తమ్ముడు అవునన్నాడు. గుమాస్తా నవ్వాడట. చివరికి ఏం కబురు పెట్టాడో తెలియదు.

ఇవాళ మిషను ముట్టలేదు. ప్రార్థనలోనే కూర్చున్నాను.

అక్క

సెప్టెంబరు 19

అక్కా,

ముందుగా, నేను బాగున్నాను. గీత కూడా పడలేదు. ఈ రెండు మాటలూ మళ్ళీ చదువుకుని, అప్పుడు కిందికి రా.

గుమాస్తా పంపిన కబురు ఇది: "అక్క చెప్పింది, బొంత జాగ్రత్త."

అది విని నేనేమనుకుంటాను? అమ్మ దుప్పటి వేసి కుట్టావు, మట్టి కాకూడదని చెప్పించావనుకున్నాను. బొంత వచ్చిన రోజు అందరి మూటలూ షెడ్డులో విప్పాను. నా మూట మాత్రం విప్పలేదు. బొంతలో ఏముంటుంది అనుకుని నేరుగా డేరాలోకి తీసుకెళ్ళి పరుచుకున్నాను.

ఇంతవరకూ తప్పు నీదీ, గుమాస్తాదీ. ఇక నాది విను.

మధ్యాహ్నం పని తెమిలాక బొంత మీద ఒరిగాను. చెయ్యి దానంతటదే తలవైపుకి పోయింది. కుట్టు వదులు చేసి వేళ్ళు దూర్చాను. ఎండుద్రాక్ష తగలకముందే నాకు తెలుసు, అక్కా. ఆ క్షణమే లేచి షెడ్డుకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే మేడం పొయ్యిలో వేయిస్తుంది. నువ్వు పంపినవి పొయ్యిలో పడటం నేను చూడలేకపోయాను. నాలుగు నోట్లో వేసుకున్నాను. మిగతావి సాయంత్రం వంటయ్యాక డ్రమ్ములో వేద్దాంలే అనుకుని వంటకి వెళ్ళిపోయాను. ఊరందరి జేబులూ వెతికేది నేను. కంచే చేను మేసింది.

పప్పు ఉడుకుతుంటే గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. కుట్టుగదిలో పొద్దస్తమానం వినే చప్పుడే కదా, నాకు తలైనా తిప్పాలనిపించలేదు. ఇది కుట్టుగది కాదని గుర్తొచ్చేసరికి మేడం విజిల్ మోగింది.

నా డేరా ఒక పక్కంతా చీలిపోయింది. ఎలుగు బొంతని నోట కరుచుకుని వాగు దాకా ఈడ్చుకుపోయింది. మేము గిన్నెలు వాయిస్తుంటే ఆగి మావైపు చూసింది. మూతి మీద దూది అంటుకుని ఉంది. ఎవరికీ నవ్వు రాలేదు. తలవైపు కొస పూర్తిగా ఖాళీ చేసి, తీరిగ్గా నాకి, గట్టెక్కి వెళ్ళిపోయింది.

ఎవరి తిండి అని మేడం అడిగింది. నాదే అన్నాను. తెలియక జరిగిందా అని అడిగింది. తెలిసే అన్నాను. ఆవిడ చాలాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అప్పుడంది: "డేరాల దాకా అది మళ్ళీ రాకపోతే నువ్వుంటావు. వస్తే అదీ ఉండదు, నువ్వూ ఉండవు."

అరవలేదు. అరిస్తే బాగుండేది.

ఇప్పుడు నా భయం ఉద్యోగం గురించి మాత్రమే కాదు. దాని కళ్ళు చూశాను. అది చేసిన తప్పేమీ లేదు. దొరికింది తిన్నది, అంతే.

ఇక్కడి సంచులు కూడా పాతబడ్డాయి. వానకి కుట్లు వదిలి పిండి కిందికి రాలుతోంది. రాలిన ప్రతి పిడికెడూ దానికి పిలుపే. రోజూ పొద్దున్నే తాడు కింద నేలంతా ఊడ్చి, ఎత్తి, డబ్బాలో వేస్తున్నాను. కొత్త సంచులు రావడానికి నెలలు పడుతుందట.

నీ ఉత్తరాలు రెండూ ఇవాళే కలిసి అందాయి. ముందే అందినా ఆ నాలుగు గింజలు నోట్లో వేసుకునేదాన్నేమో. అందుకని నువ్వు ప్రార్థనలో నీ మీద నేరం మోపుకోకు.

పిచ్చుక

సెప్టెంబరు 28

పిచ్చుకా,

ముందు, ఇంటికి వచ్చెయ్యమని రాశాను. ఆ కాగితం చింపేశాను. ఇది రెండోది.

బస్సు దగ్గర ఏమీ అనలేదని అడిగావు. నోరు తెరిస్తే ఉండిపొమ్మంటానేమోనని తెరవలేదు. నువ్వు వెళ్ళాలనే ఉంది నాకు. వెళ్తుంటే చూడాలని మాత్రం లేదు.

ప్రార్థనలో నీ తర్వాత దాన్ని చేర్చాను. దానికి కడుపునిండా తిండి దొరకాలి, అది మా తిండి కాకూడదు అని అడుగుతున్నాను. తమ్ముడు విని, "ఎలుగుబంటి భోజనం గురించి కూడా నువ్వే చూసుకోవాలా అక్కా" అన్నాడు. అని, డిపోలో పాత బస్సుల మీద కప్పే మందపు టార్పాలిను అడిగి తెచ్చి ఇచ్చాడు. గ్రీజు వాసన పోయేదాకా వేడినీళ్ళలో నానబెట్టి వాడే ఉతికాడు.

దాంతో సంచులు కుట్టాను. జంట కుట్టు. లోపల అస్తరు వేశాను. వానకి వదలవు. కుట్టినన్నాళ్ళూ గదిలో అన్నం తినలేదు. చేతులు వట్టి నీళ్ళతో కడుక్కున్నాను. మిషనుకి నూనె వేయలేదు. అది కిర్రుకిర్రుమంటుంటే పైవాటా టీచరమ్మ దిగి వచ్చి, ఎవరినన్నా హింసపెడుతున్నారా అని అడిగింది. నిజం చెప్తే నమ్మదని, కొత్త బేరం వచ్చిందని చెప్పాను.

మూట కట్టే ముందు అలవాటుగా వంటింట్లోకి వెళ్ళాను. ఎండుద్రాక్ష సీసా మూత తీశాను. కాసేపు అలాగే నిలబడ్డాను. పెట్టడం ఒక్కటే నేర్చుకున్న చెయ్యి ఇది. మూత బిగించి, ఉత్త చేతులతో వచ్చాను.

సంచులు ఖాళీగా పంపుతున్నాను. బుద్ధి తెలిశాక ఏదైనా ఖాళీగా పంపడం ఇదే మొదలు. ఒక్కొక్కటీ తిరగేసి, దులిపి, మూలల్లో వేలు పెట్టి చూశాను. నువ్వూ చూడు. నన్ను నమ్మకు.

అక్క

అక్టోబరు 24

అక్కా,

నీ మూట షెడ్డులోనే విప్పాను, మేడం ఎదురుగా. ఒక్కొక్క సంచీ తిరగేశాను. దులిపాను. మూలల్లో వేలు పెట్టాను. ఏమీ లేదు. నీ చేతి నుంచి వచ్చిన మూటలో ఏమీ లేకపోవడం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మేడం అటు తిరిగి డ్రమ్ము మూత సరిచూసుకుంది.

పిండి, పప్పు అన్నీ వాటిలోకి మార్చాను. తర్వాత మూడు వానలు పడ్డాయి. తాడు కింద నేల మీద నలుసు కూడా లేదు. రోజూ వంగి చూస్తూనే ఉన్నాను.

అది మళ్ళీ వచ్చింది. పోయిన వారం, పొద్దున్నే. అంతకు ముందు రోజే, మేడం ముందుజాగ్రత్తకి పిలిపించిన తుపాకీవాడు కూడా వచ్చి వంటచోటు దగ్గర కూర్చుని ఉన్నాడు. టీ తాగుతూ వాళ్ళ అమ్మాయి చదువు గురించి చెప్తున్నాడు. మంచి మనిషి. అదే కష్టంగా ఉంది.

వాగు అవతలి నుంచి మెల్లగా దిగింది. వెనకాల కూన ఉంది. కూన ఉన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. పోయిన ఏడాది పుట్టిందై ఉంటుందన్నారు. తల్లి నేరుగా సంచుల కిందికి వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, మూతి పైకెత్తింది. అంత పొడవుంటుందని అనుకోలేదు. గాలి పీల్చింది. నేల వాసన చూసింది. నేను ఊడ్చిన చోటంతా చూసింది. తర్వాత తల డేరాలవైపు తిప్పింది.

మేడం విజిల్ నోటి దాకా తీసుకెళ్ళింది. తుపాకీవాడు గ్లాసు కింద పెట్టాడు. అక్కా, నాకు ప్రార్థన రాదు. నువ్వు చేస్తుంటే పక్కన కూర్చోవడమే వచ్చు. ఆ క్షణంలో నీ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాను.

అది డేరాలవైపే చూస్తూ ఇంకోసారి గాలి పీల్చింది. దానికి పనికొచ్చేదేదీ అక్కడ లేదు. ముందు కాళ్ళు కింద పెట్టి, కూనని మూతితో తోసుకుంటూ గట్టెక్కిపోయింది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల దాని అడుగు కూడా పడలేదు. పైన రాళ్ళ మధ్య ఎక్కడో నిద్రకి చోటు చూసుకుని ఉంటుందట.

తుపాకీవాడు కింద పెట్టిన గ్లాసు తీసి, చల్లారిన టీ తాగేశాడు. నిన్న లారీలో వెళ్ళిపోయాడు. మేడం నన్ను పిలిచి, వచ్చే ఏడాది మంచు కరగగానే రావాలంది. అంతే అంది. కుట్టింది ఎవరని సంచులు చూపించి అడిగింది. మా అక్క అన్నాను. బొంత కుట్టిన ఆవిడేనా అంది. ఆవిడే అన్నాను. మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను.

బొంతని వాగులో చాలాసార్లు ఉతికాను. చిరిగినచోట నేనే కుట్టాను, వంకరగానే. తలవైపు జేబు మాత్రం అలాగే ఉంది, అట్టకట్టి. ఇప్పటికీ నిద్రలో చెయ్యి అక్కడికి పోతుంది. ఏమీ దొరకదు. అయినా నిద్ర పడుతుంది.

మంచు మొదలైంది. వచ్చే నెల మొదటి లారీలో దిగుతాను. అన్నయ్యని డిపోలో ఉండమని చెప్పు.

పిచ్చుక

నవంబరు 2

పిచ్చుకా,

చదివాను. రెండుసార్లు. కూన సంగతి తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఆ రోజు రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాడు.

కిటికీ పక్క బల్ల తుడిచాను. కుట్టాలంటే కుట్టు, ఊరికే కూర్చోవాలంటే కూర్చో. మంచు కరిగేదాకా నువ్వు ఇక్కడ, అది అక్కడ. ఇద్దరూ నిద్రపోండి.

వచ్చేటప్పుడు బొంత తీసుకురా. నీ వంకర కుట్లు విప్పను. తలవైపు జేబు మాత్రం నాకు వదిలెయ్యి.

ఇక్కడ ఎలుగులు లేవు.

అక్క